పైలట్ రిటైర్మెంట్ వయసు పెట్టింది డాక్టర్ కాదు సామీ!

నమస్తే అన్నా, నమస్తే అక్కా, నెల్లూరు నుంచి మీ వాడే. ఈ రోజు మొదట్లోనే చెప్పేస్తున్నా, కింద కామెంట్లలో తిట్టుకునేవాళ్లు తిట్టుకోండి, నాకేం బాధ లేదు. విమానం నడిపే పైలట్ ఎన్నేళ్లకు ఇంటికి పోవాలి అనేది డాక్టర్లు తేల్చిన లెక్క కాదు. మేనేజర్లు తేల్చిన లెక్క. కంపెనీకి పెద్దవయసు వాళ్లు బరువైన రోజు ఆ నంబర్ కిందికి దిగింది, వాళ్లతో అవసరం పడ్డ రోజు పైకి ఎక్కింది. మధ్యలో గుండె పేరు, కంటిచూపు పేరు ఊరికే వాడుకున్నారు.

గొడవ మీకు తెలిసిందేగా. ప్రపంచంలో విమానాలకు రూల్స్ పెట్టే ఐసీఏవో ప్రకారం, అంతర్జాతీయ విమానం నడిపే పైలట్‌కి 65 వరకే ఛాన్స్. దాన్ని 67 చేయండి అని విమాన కంపెనీల సంఘం ఐయాటా అడిగింది, ఇద్దరు పైలట్లలో ఒకరు 65 లోపు ఉంటారులే, భయం లేదు అని కూడా చెప్పింది. 2025లో మాంట్రియల్‌లో జరిగిన ఐసీఏవో మీటింగులో కుదరదు పొమ్మన్నారు. అదే ఏడాది ఆగస్టులో ఎయిర్ ఇండియా తన పైలట్ల రిటైర్మెంట్‌ని 58 నుంచి 65కి పెంచింది. ఇంకేముంది, యూట్యూబ్ నిండా ఒకటే గోల. తెల్లజుట్టు పెద్దాయన ఫొటో, దాని మీద ఎర్ర బాణం, "ఈయన నడిపే విమానం ఎక్కుతారా?" అని.

ఎక్కుతా! ఎందుకెక్కను?

గాల్లో గుండె ఆగిపోతే ఏంది గతి అంటున్నారు. సరే, గుండె సంగతే మాట్లాడుకుందాం. 2023 ఆగస్టులో నాగపూర్ ఎయిర్‌పోర్టులో, విమానం ఎక్కబోతూ బోర్డింగ్ గేటు దగ్గర కుప్పకూలి చనిపోయిన కెప్టెన్ వయసు 40. 2025 ఏప్రిల్‌లో శ్రీనగర్ నుంచి వచ్చి ఢిల్లీలో విమానం దించాక ప్రాణం పోయిన పైలట్‌కి 28. ఇరవై ఎనిమిది! ఆ రెండు ఇళ్లల్లో ఏం జరిగి ఉంటుందో తలుచుకుంటే నాకు నోట మాట రాదు, వాళ్లను వాదనకి వాడుకోవడం కూడా ఇష్టం లేదు, కానీ 65కి గీత గీస్తే గుండె గీత లోపలే ఉంటుందని చెప్పేవాళ్లకి ఇది చూపించక తప్పదు. పైగా 60 దాటిన పైలట్‌కి ఆరు నెలలకొకసారి మెడికల్. మనలో 60 దాటినవాళ్లు ఎంతమంది ఆరు నెలలకోసారి ఈసీజీ తీయించుకుంటున్నారు చెప్పండి. మా ఇంట్లో బీపీ మిషన్ కొని మూడేళ్లయింది, దాని మీద పప్పు డబ్బా పెట్టుకున్నారు.

అటుపక్క ఇంకోటి. 2009 జనవరి 15, న్యూయార్క్. పక్షులు తగిలి రెండు ఇంజన్లూ పోయిన విమానాన్ని హడ్సన్ నది మీద దించి, లోపలున్న 155 మందినీ బతికించిన కెప్టెన్ సల్లెన్‌బర్గర్ తెలుసుగా? ఆ రోజు ఆయన వయసు 57. ఇంకో ఎనిమిది రోజులైతే 58. ఎయిర్ ఇండియా పాత రూల్ అక్కడ ఉండుంటే, ఆ పాటికి శాలువా, పూలదండ, పళ్లబుట్ట రెడీ అయి ఉండేవి. ఆ నది మీదికి ఎవరు దించేవాళ్లు సామీ?

సరే, ఇప్పుడు అసలు కథ. ఈ ఒక్కటి వినండి, తర్వాత వీడియో ఆపేసినా పర్లేదు.

ఈ వయసు గొడవకి పుట్టిల్లు అమెరికా. 1959 డిసెంబర్‌లో అక్కడి విమానయాన శాఖ ఎఫ్‌ఏఏ, 60 నిండిన పైలట్ ఎయిర్‌లైన్ విమానం నడపకూడదని రూల్ పెట్టింది, 1960 మార్చి నుంచి అమలు. ఎఫ్‌ఏఏకి అప్పుడు పెద్ద ఎల్వుడ్ కెసాడా, మిలిటరీ జనరల్. బయటికి చెప్పిన కారణం గుండెజబ్బులు. బాగానే ఉంది. కానీ అదే ఏడాది ఫిబ్రవరిలో ఆయనకి ఒక ఉత్తరం వచ్చింది. రాసిందెవరు? అమెరికన్ ఎయిర్‌లైన్స్ అధిపతి సి.ఆర్. స్మిత్. అప్పుడే ఫ్యాన్ల విమానాలు పోయి జెట్లు వస్తున్నాయి. జీతం ఎక్కువ తీసుకునే పాత కెప్టెన్లకు కొత్తగా జెట్ నేర్పించాలంటే టైమూ ఖర్చూ. 60కి ఇంటికి పంపుదామంటే యూనియన్ ఒప్పుకోవడం లేదు. అప్పుడు మీరే ఒక రూల్ పెట్టేయండి సార్ అని పోయి అడిగితే, రూల్ వచ్చేసింది. ఆ తర్వాత కెసాడా గారు పదవి దిగి 1961లో ఎక్కడ తేలారో తెలుసా? అమెరికన్ ఎయిర్‌లైన్స్ బోర్డులో!

నేనేమీ అనడం లేదు. తారీఖులు చెప్తున్నా, అంతే. ఉత్తరం 1959, రూల్ 1959, బోర్డులో కుర్చీ 1961. ఇదే మన ఊళ్లో ఏ ఆఫీసర్ అయినా చేసుంటే టీ కొట్టు దగ్గర ఏమనుకుంటాం?

యూనియన్ మాత్రం తక్కువ తిన్నదా? అమెరికా పైలట్ల సంఘం ఆల్పా మొదట్లో ఈ 60 రూల్ మీద కోర్టుకెక్కింది. 1980కి వచ్చేసరికి అదే రూల్ ముద్దు అంది. ఎందుకంటారు? నా లెక్క చెప్తా. పైలట్లకు సీనియారిటీ లిస్టే దేవుడు. ఏ విమానం, ఏ రూటు, ఎన్ని సెలవులు, ఎంత జీతం, అంతా లిస్టులో ఎన్నో నంబర్ అనేదాన్ని బట్టే. పైనున్న పెద్దాయన దిగితేనే కిందున్నాయన పైకి ఎక్కుతాడు. 2006లో ఐసీఏవో 65 చేసింది, విదేశీ పైలట్లు 65 దాకా నడుపుతుంటే మనం ఊరుకుంటామా అనుకున్నారో ఏమో, 2007లో ఆల్పా మళ్లీ ప్లేటు ఫిరాయించింది, డిసెంబర్‌లో అమెరికాలో కూడా 65 అయింది. 2023లో 67 చేద్దామని అక్కడి దిగువ సభ బిల్లు పాస్ చేస్తే, వద్దే వద్దు, భద్రత ఏం కావాలి అని అడ్డం పడిందీ ఈ ఆల్పానే. 2024లో వచ్చిన చట్టంలో 65 అట్లాగే ఉండిపోయింది. ఈ అరవై ఏళ్లలో మనిషి గుండెలో అన్ని మార్పులు వచ్చాయా, లిస్టులో నంబర్లు మారాయా?

జపాన్‌లో 67 దాకా నడపొచ్చు. ఆస్ట్రేలియాలో దేశం లోపల తిరిగే విమానాలకు అసలు పై వయసు హద్దే లేదు. జపాన్ వాడి గుండె వేరు, మన గుండె వేరా?

మనకు ఇది కొత్త కాదు అన్నా, మనం పడ్డ దెబ్బే ఇది. 1983లో ఎన్టీఆర్ గారు సీఎం అయీ కాగానే ప్రభుత్వ ఉద్యోగుల రిటైర్మెంట్ 58 నుంచి 55కి దించేశారు. మా తాత కందుకూరు దగ్గర పల్లెలో అయ్యవారు. ఫిబ్రవరి నెల, పరీక్షలు దగ్గర పడుతున్నాయి, అప్పటికి ఆయనకి 56. ఒక సాయంత్రం బడి బీరువా తాళాలు, సగం వాడిన సుద్దముక్కల పెట్టె, హాజరు పట్టీ, అన్నీ పక్క అయ్యవారికి అప్పజెప్పి ఇంటికి వచ్చేశాడు. మర్నాడు తొమ్మిదింటికి మళ్లీ పంచె కట్టుకుని, చొక్కా వేసుకుని, గొడుగు తీసుకుని గడప దాకా పోయి నిలబడ్డాడంట. ఎక్కడికి అని మా నాయనమ్మ అడిగితే ఏం మాట్లాడకుండా గొడుగు మళ్లీ చిలక్కొయ్యకి తగిలించాడంట. ఆ గొడుగు కథ మా ఇంట్లో పండగ పండక్కీ చెప్పుకుంటారు. ఆయన అప్పుడు కళ్లద్దాలు లేకుండా సూదిలో దారం ఎక్కించేవాడు! తర్వాత సమ్మెలు, కోర్టులు, మళ్లీ 58. 2014లో చంద్రబాబు గారు 60 చేశారు. 2022 జనవరిలో జగన్ గారు 62 చేశారు, 23 శాతం ఫిట్‌మెంట్, అంటే జీతాల పెంపు, ప్రకటించిన రోజే. రిటైర్ అయ్యేవాళ్లకి ఒక్కసారిగా లక్షలకి లక్షలు ఇవ్వాలి కదా, అది రెండేళ్లు వెనక్కి పోయింది. 55, 58, 60, 62. ఆంధ్రా గుమాస్తా అట్లాగే ఉన్నాడు సామీ, ఖజానా మారింది.

అందుకే నాకు పైలట్ల 67 చూడగానే గొడుగు గుర్తొచ్చింది.

ఇప్పుడు కంపెనీలకి 67 ఎందుకంత ముద్దొచ్చింది? పైలట్ల కొరత అంటున్నారు. మన రామ్మోహన్ నాయుడు గారు, శ్రీకాకుళం ఎంపీ, విమానయాన మంత్రి, ఆయన కూడా ముందు ముందు దేశానికి 30 వేల మంది పైలట్లు కావాలి అన్నారు. 2023లో ఇండిగో ఒకేసారి 500 విమానాలు, ఎయిర్ ఇండియా 470 విమానాలు ఆర్డర్ పెట్టాయి. విమానాలు కొంటే నడిపేవాళ్లు కావాలి, నిజమే. కానీ అదే 2023లో మన దేశంలో విమానాలకు రూల్స్ పెట్టే డీజీసీఏ కొత్తగా ఇచ్చిన కమర్షియల్ పైలట్ లైసెన్సులు 1,622. వాళ్లంతా ఏమయ్యారు?

ఒకడు ఏమయ్యాడో నేను చెప్తా. విడవలూరు వైపు మా చుట్టాల పిల్లోడు. లైసెన్స్ కోసం వాళ్ల నాన్న రెండు రొయ్యల గుంటలు అమ్మేశాడు. 200 గంటలు గాల్లో తిరిగి లైసెన్స్ తెచ్చుకున్నాడు. ఉద్యోగం కావాలంటే ఎయిర్‌బస్ లాంటి ఒక్కో రకం విమానానికి వేరే ట్రైనింగ్, దాన్ని టైప్ రేటింగ్ అంటారు, దానికి మళ్లీ లక్షలు. ఇంక అమ్మడానికి గుంటలు లేవు. ఇప్పుడు వాడు వాళ్ల మామ గుంటల మీద రాత్రి కాపలా. మొన్న నేను పోతే, గుంట నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లు తిరుగుతున్నాయి, గట్టు మీద నులక మంచం, మంచం మీద, ఎగిరిన గంటలు రాసుకునే లాగ్‌బుక్కు ప్లాస్టిక్ కవర్లో చుట్టి పెట్టుకున్నాడు, చెమ్మ తగలకుండా. కరెంట్ పోతే జనరేటర్ వేయడానికి లేస్తాడు, మళ్లీ వచ్చి ఫోన్లో కాక్‌పిట్ బొమ్మ పెట్టుకుని ఏ స్విచ్ తర్వాత ఏ స్విచ్ అని వేలితో నొక్కుకుంటూ కూర్చుంటాడు. వాళ్లమ్మ యూనిఫాం చొక్కా నెలకోసారి ఇస్త్రీ చేసి మళ్లీ బీరువాలో పెడుతుంది. ఊళ్లో వాళ్లు మాత్రం "ఏం పైలట్ గారూ, ఈసారి కౌంట్ ఎంతొచ్చింది?" అని, అంటే కిలోకి ఎన్ని రొయ్యలు తూగాయని, అడుగుతారు. వాడు నవ్వుతాడు పాపం.

కాబట్టి కొరత అనే మాటని కొంచెం విప్పి చూడండి. కొరత పైలట్లకి కాదు, కెప్టెన్లకి. కెప్టెన్ కావాలంటే 1,500 గంటల అనుభవంతో వచ్చే పెద్ద లైసెన్స్ ఉండాలి. ఆ గంటలు ఎక్కడొస్తాయి? ఎవరో ఒకరు పక్క సీట్లో కూర్చోబెట్టుకుంటేనే వస్తాయి. కూర్చోబెట్టుకోవాలంటే ఖర్చు, ఏళ్ల తరబడి ఓపిక. దానికంటే 65 నిండిన కెప్టెన్‌ని ఇంకో రెండేళ్లు ఉండండి సార్ అనడం చవక. అర్థమైందా? 1959లో నేర్పించే ఖర్చు తప్పించుకోవడానికి పెద్దాయన్ని దించారు. ఇప్పుడు నేర్పించే ఖర్చు తప్పించుకోవడానికే పెద్దాయన్ని ఉంచుతున్నారు. ఖర్చు అదే, సాకు మారింది.

నమ్మరా? 2025 డిసెంబర్ గుర్తు తెచ్చుకోండి. ఇండిగో విమానాలు వేలకొద్దీ రద్దయి, ఎయిర్‌పోర్టుల్లో సూట్‌కేసుల మీద జనం నిద్రపోయారే, ఆ డిసెంబర్. పైలట్లకు వారానికి 36 గంటల విశ్రాంతి చాలదు, 48 ఇవ్వండి, వారానికి ఆరు రాత్రి ల్యాండింగులు వద్దు, రెండే ఉండాలి అని రూల్ వచ్చింది. ఎప్పుడు వచ్చింది? 2024 జనవరిలో. విశ్రాంతి రూల్ అమలు 2025 జూలై నుంచి, రాత్రి ల్యాండింగుల రూల్ నవంబర్ 1 నుంచి. దగ్గర దగ్గర రెండేళ్లు టైముంది! మనుషుల్ని తీసుకోవడానికి రెండేళ్లు చాల్లేదంట. చివరికి రూల్‌నే సడలించాల్సి వచ్చింది. అప్పుడు నేను చూసిన ఏ టీవీ డిబేట్‌లోనూ పెద్ద పైలట్ గుండె గురించి ఎవరూ మాట్లాడలేదు, అలసిపోయిన కుర్ర పైలట్ గురించీ పెద్దగా మాట్లాడలేదు.

మా బాబాయి ఆర్టీసీలో డ్రైవర్, రాపూరు నుంచి చిట్వేలు ఘాట్ మీద ఏళ్ల తరబడి బస్సు నడిపాడు. ఆయనొక మాట అంటాడు, "వయసు ఎక్కువైనోడితో భయం లేదబ్బయా, డబుల్ డ్యూటీ చేసినోడితోనే భయం" అని. నిద్ర లేని పాతికేళ్ల వాడికంటే, నిద్రపోయి లేచిన అరవై రెండేళ్ల మా బాబాయి బస్సే నేను ఎక్కుతా, ఘాట్‌లో అయితే మరీనూ.

అన్నట్టు కొరిశపాడు దగ్గర హైవే మీద రన్‌వే చూశారుగా, యుద్ధ విమానాల కోసం కట్టింది. విజయవాడ పోయేటప్పుడల్లా దాని మీద కారు పోనిస్తుంటే నాకు ఒకటే నవ్వు. విమానం దిగే రోడ్డుంది, దగదర్తి ఎయిర్‌పోర్టు మాత్రం ఎన్నేళ్ల నుంచో వస్తా ఉంది, వస్తా ఉంది, రావడం లేదు. మనం పైలట్ వయసు గురించి కొట్టుకోవాలన్నా ముందు చెన్నైకో రేణిగుంటకో పోవాలి. సరే, అది వేరే వీడియో.

నేను పెద్దాయన్ని దించమనడం లేదు, కుర్రాణ్ని ఇప్పటికిప్పుడే కెప్టెన్ చేయమనీ అనడం లేదు. నేల మీదే విమానం నడిపించి చూసే సిమ్యులేటర్ ఉంది, మెడికల్ ఉంది, పాసైతే నడపనీండి, 66 కాకపోతే 70. కానీ 67 అడిగే ప్రతి కంపెనీ, ఈ ఏడాది ఎంతమంది కొత్తవాళ్లని పక్క సీట్లో కూర్చోబెట్టారో ఆ కాగితం కూడా పక్కన పెట్టి అడగాలి. ఆ కాగితం పెట్టరు. ఎందుకు పెట్టరో మీకూ తెలుసు. ఇంకోటి కూడా చెప్తున్నా, స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి, కెప్టెన్లు ఎక్కువైన రోజు ఇదే కంపెనీలు భద్రత దృష్ట్యా 60కే దించాలని పోయి అడుగుతాయి. అప్పుడు మళ్లీ గుండె గుర్తొస్తుంది వాళ్లకి.

మీ ఇంట్లో 1983లో 55 దెబ్బ తిన్న అయ్యవారు గానీ, గుమాస్తా గానీ ఎవరైనా ఉంటే, ఆ రోజు ఇంటికొచ్చి ఏం చేశారో కామెంట్లో రాయండి, అన్నీ చదువుతా. విడవలూరు పిల్లోడు కూడా చదువుతాడు, రాత్రంతా మేలుకునే ఉంటాడుగా.