పట్నం వద్దన్న ఓడ ఏ ఊరికి చేరుతుంది?

అందరికీ నమస్కారం.

సముద్రం లేని తిరుపతిలో కూర్చుని పెద్ద పెద్ద ఓడల గురించి మాట్లాడుకోవడం ఎందుకని మీలో కొందరికి అనిపించవచ్చు. నా దృష్టిలో తిరుపతి ఒక రేవు ఊరు. ఎందుకలా అంటున్నానో చెప్పాలంటే ముందు ఇటలీ వెళ్ళాలి.

2021 ఆగస్టు 1 నుంచి వెనిస్ నగరం నడిబొడ్డున ఉన్న జలమార్గాల్లోకి పెద్ద ఓడలు రాకూడదని ఇటలీ ప్రభుత్వం నిషేధం పెట్టింది. 25 వేల టన్నులు దాటినా, 180 మీటర్ల పొడవు దాటినా, 35 మీటర్ల ఎత్తు దాటినా వెనిస్ ప్రధాన కూడలి సాన్ మార్కో ముందు నుంచి, దాని పక్కనున్న జ్యుదెక్కా కాలువలోంచి వెళ్ళకూడదు. ఇవాళ సముద్రంలో తిరిగే క్రూయిజ్ షిప్పుల్లో చాలావాటికి 25 వేల టన్నులు చాలా చిన్న లెక్క. 2024లో మొదలైన 'ఐకాన్ ఆఫ్ ద సీస్' ఒక్కటే సుమారు రెండున్నర లక్షల టన్నులు. అంటే నగరం మధ్యలోంచి వెళ్ళే దారి వీటికి దాదాపు పూర్తిగా మూసుకుపోయిందన్నమాట.

ఆ నిషేధం ఎందుకు అవసరమైందో తెలుసుకోవడానికి మనం దూరం పోనక్కర్లేదు. మన జిల్లాలో సూళ్ళూరుపేట అవతల పులికాట్ ఉంది కదా. సముద్రానికీ నేలకీ మధ్య, లోతు లేని ఉప్పునీటి సరస్సు. వెనిస్ చుట్టూ ఉన్నదీ అలాంటి సరస్సే. చాలా చోట్ల మనిషి నిలబడగలిగేంత లోతే ఉంటుంది. ఆ నీళ్ళలో బురదలోకి కొయ్య దుంగలు దించి, వాటి మీద రాళ్ళు పేర్చి ఊరు కట్టారు. అలాంటి చోటికి పది పన్నెండు అంతస్తుల ఓడ వస్తే, నిండిన తొట్టిలో మనిషి దిగినట్టే. నీరు పక్కకు తోసుకుంటుంది, ఓడ దాటగానే మళ్ళీ వెనక్కి లాక్కుంటుంది. పునాదుల సందుల్లోని మట్టి, సరస్సు అడుగున ఉన్న ఒండ్రు కదిలిపోతాయి.

దీనికి తోడు భయం. 2012 జనవరి 13న ఇటలీలోనే జిల్యో దీవి దగ్గర కోస్టా కాంకోర్డియా అనే ఓడ రాళ్ళను కొట్టుకుని ఒరిగిపోయింది. 32 మంది చనిపోయారు. తీరానికి అంత దగ్గరగా వెళ్ళడం వల్ల జరిగిన ఘోరం అది. ఆ తర్వాత రెండు నెలలు తిరక్కుండానే వెనిస్‌లో 40 వేల టన్నులు దాటిన ఓడలు వద్దంటూ ప్రభుత్వం ఒక ఉత్తర్వు ఇచ్చింది. కానీ అందులో ఒక మెలిక ఉంది. ఓడలకు వేరే దారి తయారయ్యాకే అది అమలవుతుంది. ఆ దారి ఎక్కడో ఎవరూ తేల్చలేదు. ఏడేళ్ళు గడిచాయి. 2019 జూన్ 2న ఎమ్మెస్సీ ఒపేరా అనే 65 వేల టన్నుల ఓడ ఆ జ్యుదెక్కా కాలువలోనే అదుపు తప్పి రేవును, పక్కన కట్టి ఉన్న ఒక పర్యాటకుల పడవను గుద్దింది. కొందరు గాయపడ్డారు. ప్రాణాలు పోకపోవడం అదృష్టం. 'పెద్ద ఓడలు వద్దు' అని ఏళ్ళ తరబడి చిన్న చిన్న పడవలెక్కి అడ్డం నిలిచిన ఊరి జనం మాట అప్పుడు గట్టిగా వినపడింది. చివరికి 2021 జులైలో, యునెస్కో వెనిస్‌ను ప్రమాదంలో ఉన్న వారసత్వ ప్రదేశాల జాబితాలో చేర్చడంపై చర్చించబోతున్న సమయంలో, నిషేధం ఖరారైంది.

ఈ తొమ్మిదేళ్ళ ఆలస్యం గురించి నేను చాలా ఆలోచించాను. ఓడలు వద్దని నిర్ణయించడానికి అంత టైమ్ పట్టలేదు. అవి ఎక్కడ ఆగాలన్న దగ్గరే బండి ఆగిపోయింది.

మరి అవి ఎక్కడికి పోయాయి? కొన్ని మార్గేరాకి. కొన్ని సరస్సు దక్షిణపు కొసన ఉన్న క్యోజా అనే చేపల రేవుకి. ఇంకొన్ని ఆ తీరం పొడవునా ఉన్న రవెన్నా, మొన్‌ఫాల్కోనే, త్రియెస్తే రేవులకి.

మార్గేరా దగ్గర కాసేపు ఆగుదాం. వెనిస్ ఫోటోల్లో ఈ ఊరు కనపడదు. వంతెన దాటి నేల మీదికి వస్తే ఉంటుంది. 1917లో పారిశ్రామిక రేవుగా మొదలుపెట్టారు. సుందరమైన వెనిస్ దీవిని పాడుచేయకుండా ఫ్యాక్టరీలన్నీ ఇటు పెట్టాలన్నది అప్పటి ఆలోచన. చమురు శుద్ధి, అల్యూమినియం, రసాయనాలు, ప్లాస్టిక్ తయారీ అన్నీ ఇక్కడికి వచ్చాయి. వేలాది మందికి ఉద్యోగాలు దొరికాయి. ప్లాస్టిక్ తయారీలో వాడే వినైల్ క్లోరైడ్ వాయువు పీల్చిన కార్మికులు కాలేయ క్యాన్సర్‌తో చనిపోయారు. గాబ్రియేలే బోర్తొలొజ్జో అనే కార్మికుడు తన తోటివాళ్ళ జబ్బుల వివరాలు, చావుల వివరాలు ఒక్కొక్కటే పోగుచేసి న్యాయస్థానం దాకా తీసుకెళ్ళాడు. 1998లో విచారణ మొదలైంది. 2001లో కింది కోర్టు కంపెనీల అధికారుల తప్పేమీ లేదంది. 2004లో అప్పీలులో కొందరికి శిక్ష పడింది. విచారణ మొదలయ్యే నాటికే బోర్తొలొజ్జో బతికి లేడు.

అంటే ఒకసారి ఫ్యాక్టరీలను మోసిన ఊరు, నూరేళ్ళ తర్వాత ఓడలనూ మోస్తోంది. దీవి మీద ఇప్పుడు కాపురముండేవాళ్ళు యాభై వేల లోపు. 1951లో అక్కడ లక్షా డెబ్బై వేలకు పైగా ఉండేవారు. అద్దెలు భరించలేక, ఇళ్ళన్నీ టూరిస్టుల గదులుగా మారిపోవడంతో జనం నేల మీదున్న మేస్త్రే, మార్గేరాల వైపు వచ్చేశారు. పొద్దున్నే దీవికి వెళ్ళి హోటళ్ళలో వండి, గదులు ఊడ్చి, సామాన్లు మోసి, రాత్రికి ఇటు తిరిగొచ్చే జనం వీళ్ళే. కాగితాల మీద మార్గేరా కూడా వెనిస్ మునిసిపాలిటీలో భాగమే. ఓటు ఒకటే, మేయరు ఒక్కరే. పొగ మాత్రం ఒకవైపే.

ఇంకో సంగతి ఉంది, ఇది చాలామంది గమనించనిది. మార్గేరాకి వెళ్ళే ఓడ సరస్సులోంచే వెళ్ళాలి. సాన్ మార్కో ముందు నుంచి కాకుండా, మలమొక్కో అనే ముఖద్వారం దగ్గర సముద్రంలోంచి లోపలికొచ్చి, 1960లలో చమురు ఓడల కోసం తవ్విన లోతైన కాలువలోంచి వెళ్తుంది. ఆ కాలువ తవ్వినప్పటి నుంచే సరస్సు అడుగు కోసుకుపోతోందని అక్కడి పరిశోధకులు చెబుతూ వచ్చారు. లోతైన కాలువలోకి ఒండ్రు జారుతుంది, పోటుపాట్లతో సముద్రంలోకి వెళ్ళిపోతుంది. కాబట్టి నిషేధంతో గోపురాలకు ముప్పు తగ్గింది, అది నిజంగా గొప్ప విషయం. సరస్సుకి మాత్రం పూర్తి ఊరట రాలేదు. సరస్సు బయటే శాశ్వతమైన రేవు కట్టాలని ప్రభుత్వమే ఆలోచనలు ఆహ్వానించింది. అప్పటిదాకా తాత్కాలికం అన్న పేరుతో మార్గేరాలో లంగరు వేస్తున్నారు.

ఇక రవెన్నా సంగతి. వెనిస్‌కి అది సుమారు మనకూ చెన్నైకీ ఉన్నంత దూరం. ఓడ దిగినవాళ్ళు బస్సెక్కి రెండు గంటలకు పైగా ప్రయాణం చేసి వెనిస్ చూసి, మళ్ళీ బస్సెక్కి సాయంత్రానికి ఓడ చేరాలి. రవెన్నాకి సొంతంగా పదిహేను వందల ఏళ్ళనాటి మొజాయిక్ చిత్రాలున్నాయి, 1996 నుంచి అదీ యునెస్కో జాబితాలో ఉంది. అయినా వెనిస్ బస్సు పట్టుకోవాల్సిన ప్రయాణికుడికి వాటిని చూసే టైమ్ ఎక్కడిది? రేవు ఊరికి బస్సుల రద్దీ మిగులుతుంది. పర్యాటకుడి పర్సు వేరే ఊళ్ళో తెరుచుకుంటుంది. ఇందులో ఇంకో కోణం కూడా ఉంది. వెనిస్ రేవులో లగేజీ మోసే కూలీలు, ఓడలకు సరుకులు అందించే వ్యాపారులు, టెర్మినల్ ఉద్యోగులు ఒక్కసారిగా పని కోల్పోయారు. నిషేధంతో పాటే వాళ్ళకు పరిహారం ఇచ్చే ఏర్పాటూ చేశారు. చాలినంతా కాదా అన్నది వేరే చర్చ. వద్దు అన్న కాగితంలోనే ఎవరికి నష్టమో రాయడం మాత్రం నాకు నచ్చింది.

మిగతా ఊళ్ళ గురించి త్వరగా చెప్పేస్తాను. క్రొయేషియాలోని దుబ్రోవ్‌నిక్ ఓడలను ఎక్కడికీ తరమలేదు. ఒకేసారి రెండు ఓడలు, నాలుగు వేల మంది చాలని ఓడల కంపెనీలతోనే ఒప్పందం చేసుకుంది. ఓడలు గ్రూజ్ రేవులో ఆగుతాయి, పాత కోట అక్కడికి మూడు కిలోమీటర్లు. నా మటుకు నాకు ఇది అన్నిటికంటే తెలివైన పద్ధతి అనిపిస్తుంది, ఎందుకంటే భారం పక్కూరికి పోలేదు, అక్కడికక్కడే తగ్గింది. ఆమ్‌స్టర్‌డామ్ 2026 నుంచి ఏడాదికి వంద సముద్రపు ఓడలకు మించి వద్దంది, 2035 నాటికి టెర్మినల్‌నే ఊరి మధ్య నుంచి తీసేస్తామంది, కొన్నిటిని రోటర్‌డామ్ వైపు మళ్ళిస్తామంది. అమెరికాలో కీ వెస్ట్ అనే దీవి ఊరిలో 2020లో జనం ఓటేసి పెద్ద ఓడలు వద్దన్నారు. మరుసటి ఏడే ఫ్లోరిడా రాష్ట్ర ప్రభుత్వం చట్టం చేసి ఆ ఓటును రద్దు చేసింది. మన దగ్గర 2022 జూన్‌లో పుదుచ్చేరి ప్రభుత్వం అనుమతి ఇవ్వకపోవడంతో కార్డేలియా అనే క్రూయిజ్ ఓడ తీరం చేరలేకపోయింది. మరుసటి సంవత్సరం విశాఖలో అంతర్జాతీయ క్రూయిజ్ టెర్మినల్ మొదలైంది. అంటే ఈ ప్రశ్నలన్నీ మన రాష్ట్రానికీ వస్తాయి, ఆట్టే దూరం లేదు.

ఇప్పుడు తిరుపతికి వస్తాను. తిరుమలను ఒక టూరిస్టు నగరంతో పోల్చడం నాకు ఇష్టం లేదు, పోల్చను కూడా. నేను పోల్చేది తిరుపతిని, మార్గేరాతో.

1944లో మొదటి ఘాట్ రోడ్డు, 1974లో రెండో ఘాట్ రోడ్డు వచ్చాక కొండకు వెళ్ళడం తేలికైంది. ఇప్పుడు రోజుకు అరవై డెబ్బై వేల మంది స్వామిని దర్శించుకుంటున్నారు. కొండను కాపాడుకోవడానికి ఒక్కొక్క నియమం వచ్చింది. పెద్ద ప్రైవేటు బస్సులు ఘాట్ ఎక్కకూడదు, అలిపిరి దగ్గర ఆగాలి. గరుడ సేవ రోజు ఘాట్ రోడ్లలో టూవీలర్లు వద్దు. సర్వదర్శనం టోకెన్లు కింద శ్రీనివాసం, విష్ణునివాసం, భూదేవి కాంప్లెక్స్‌లలో ఇస్తారు. ఈ నియమాలన్నీ మంచివే. కొండ మీద అడవి ఉంది, జంతువులున్నాయి, నీటికి ఇబ్బంది ఉంది, స్థలం తక్కువ. పైన ఎంత తక్కువ మంది ఆగితే అంత మంచిది.

కానీ పైన ఆగనివాళ్ళు కింద ఆగుతారు. ఆ బస్సు అలిపిరి దగ్గర నిలబడుతుంది. ఆ టూవీలర్ మన రోడ్ల పక్కన పార్కు చేస్తారు. టోకెన్ కోసం రాత్రంతా వేచి ఉండేది మన వీధుల్లో. 2025 జనవరి 8 రాత్రి ఏం జరిగిందో ఈ హాల్లో ఎవరికీ గుర్తుచేయనక్కర్లేదు. వైకుంఠ ద్వార దర్శనం టోకెన్ల కోసం వచ్చి తొక్కిసలాటలో ఆరుగురు భక్తులు చనిపోయారు. అది కొండ మీద జరగలేదు. ఊళ్ళో జరిగింది, జనం ఇళ్ళ మధ్య, బైరాగిపట్టెడలో. దర్శనం క్యూ ఊళ్ళోకి దిగినప్పుడు, ఆ క్యూకి కావలసిన దారులు, తెరుచుకునే గేట్లు, మరుగుదొడ్లు, నీళ్ళు, పోలీసులు కూడా దిగాలి. ముందు అవి దిగి, తర్వాత క్యూ దిగాలి.

2023లో శ్రీనివాస సేతు మొదలైంది. తిరుచానూరు వైపు నుంచి అలిపిరి దాకా ఊరి మీదుగా వెళ్ళే ఫ్లైఓవర్. ఖర్చులో టీటీడీ కూడా వాటా పెట్టింది. లీలామహల్ సర్కిల్ దగ్గర ఊపిరి ఆడని రోజులు చూసినవాళ్ళకు దాని విలువ తెలుసు. అదే ఏడాది టీటీడీ బోర్డు తన బడ్జెట్లో ఒక శాతం తిరుపతి నగరాభివృద్ధికి ఇవ్వాలని తీర్మానించింది. పెద్ద గొడవ అయింది, ప్రభుత్వం ఒప్పుకోలేదు. భక్తులు స్వామికిచ్చిన డబ్బు మునిసిపాలిటీ కాలువలకు వాడతారా అని అడిగినవాళ్ళ బాధ నాకు అర్థమవుతుంది. హుండీ డబ్బు ముట్టుకోవద్దనే నేనూ అంటాను. అయితే ఊరి పారిశుధ్యం ఖర్చు ఎవరు భరించాలి? ఊరివాళ్ళా? గ్రీస్‌లో శాంతోరిని దీవికి ఓడలో వచ్చే ప్రతి ప్రయాణికుడి నుంచి 2025 నుంచి సీజన్‌లో 20 యూరోలు తీసుకుంటున్నారు. అందులో కొంత ఆ దీవి మునిసిపాలిటీకి వెళ్తుంది. కానుకతో సంబంధం లేకుండా, హోటల్ గది మీదో, బయటి నుంచి వచ్చే టూరిస్టు బస్సు మీదో చిన్న రుసుము పెట్టి, దాన్ని ఆ బస్సులు ఆగే వార్డులోనే ఖర్చుపెట్టొచ్చు. కాలినడకన వచ్చే పేద భక్తుడి మీద పైసా వేయకూడదు.

నేను అధికారులను అడిగేది ఇది. కొండ మీద ఏ కొత్త నియమం పెట్టినా, అదే ఉత్తర్వులో రెండో పేరా ఉండాలి. ఆగిపోయిన బండి ఎక్కడ నిలబడుతుంది, ఆగిపోయిన మనిషి ఎక్కడ పడుకుంటాడు, ఆ చోటికి ఏ శాఖ బాధ్యత వహిస్తుంది, ఆ వీధివాళ్ళను ఎప్పుడు అడిగారు. 2012లో ఇటలీ ఆ పేరా ఖాళీగా వదిలేసింది. అందుకే ఆ కాలువలో ఓడ రేవును గుద్దేదాకా వచ్చింది.

నా మాట ఇంతటితో ఆపుతాను. ఈ హాల్లో అలిపిరి దగ్గర ఆటోలు, జీపులు నడిపే అన్నలున్నారు, బైరాగిపట్టెడ నుంచి వచ్చిన అమ్మలున్నారు. ప్రశ్నల టైమ్‌లో మైకు ముందు వాళ్ళకివ్వండి, తర్వాత టూరిజం చదివే పిల్లలు అడగొచ్చు.