కొండ నీడల్లో అడకత్తెర

శ్రోతలకు నమస్కారం.

మన హైదరాబాదులో ఏ పాత ఇంట్లోనైనా స్నానాల గది మూలలోనో, బీరువా వెనుకో సన్నకాళ్ల సాలీడు ఒకటి తలకిందులుగా వేలాడుతూ ఉంటుంది. చీపురు తగలగానే గూడుతో సహా గజగజ ఊగిపోతుంది. నేను జంతుశాస్త్రం బోధించిన రోజుల్లో ఏటా ఎవరో ఒకరు దాన్ని అగ్గిపెట్టెలో తెచ్చి, "మాస్టారూ, హార్వెస్ట్‌మన్ దొరికింది" అని చేతిలో పెట్టేవారు. నిజానికి అది అచ్చమైన సాలీడు. గూడు కట్టింది కదా, అక్కడే తేలిపోయింది. హార్వెస్ట్‌మన్ అంటే సాలీడుకు దూరపు చుట్టమైన మరో ఎనిమిది కాళ్ల జీవి. అది పట్టుదారం తీయదు, గూడు కట్టదు, దానికి విషమూ లేదు. సాలీడుకు తలభాగానికీ పొట్టకూ మధ్య సన్నని నడుము ఉంటుంది. దీనికి ఒళ్లంతా ఒకే గింజలా కలిసిపోయి ఉంటుంది. కళ్లు మామూలుగా రెండే. అవి వీపు మీది చిన్న మిట్టకు అటొకటి, ఇటొకటి ఉంటాయి. సాలీడు ఎరను ద్రవంగా మార్చి పీల్చుకుంటే, ఇది ముక్కలు తుంచుకుని తింటుంది.

శాస్త్రంలో వీటిని ఓపీలియోనులు అంటారు. ఆ పేరు 1833లో స్వీడన్ శాస్త్రవేత్త సుండెవాల్ పెట్టారు. లాటిన్‌లో ఓపీలియో అంటే గొర్రెల కాపరి. ఫ్రాన్సులో లాండ్ ప్రాంతపు కాపరులు బురద నేలల్లో మందను కనిపెట్టడానికి పొడవాటి కర్రకాళ్లు కట్టుకుని నడిచేవారు. ఈ జీవుల నడక చూస్తే ఆ కాపరులే కళ్లముందు మెదులుతారు. ఇప్పటివరకు పేర్లు పెట్టిన జాతులు 6,500కు పైగా ఉన్నాయి. ఈ రోజు వాటిలో ఒక్క ప్రజాతి, అంటే దగ్గరి చుట్టాలైన జాతుల గుంపు, గురించే మాట్లాడతాను, ఎందుకంటే జీవులను గుర్తుపట్టడం ఎంత ఓపికతో చేయవలసిన పనో నాకు నేర్పింది అదే.

దాని పేరు ఇస్కిరోప్సాలిస్. గ్రీకులో ఇస్కిరోస్ అంటే బలమైనది, ప్సాలిస్ అంటే కత్తెర. ఈ పేరు పలికినప్పుడల్లా మా నాయనమ్మ వక్కలు కత్తిరించే అడకత్తెర నాకు గుర్తుకొస్తుంది. ఒంటి పొడవు ఒక సెంటీమీటరుకు లోపే, రంగు నలుపో ముదురు గోధుమో. కాని నోటి ముందున్న పట్టుకారు జత చాలా జాతుల్లో ఒంటికన్నా పొడవుగా ఉంటుంది! దాని ముఖ్యాహారం నత్తలు. పట్టుకారును గుల్ల నోట్లోకి దూర్చి, అంచును కొద్దికొద్దిగా విరుస్తూ పోతుంది. నత్త లోపలికి ముడుచుకునేకొద్దీ ఇది వెంటపడుతుంది, చివరికి మాంసాన్ని బయటికి లాగుతుంది.

ఇది మన దేశంలో లేదు. స్పెయిన్ ఉత్తరాన కాంటాబ్రియా కొండల నుంచి పిరెనీస్, ఆల్ప్స్, కార్పేతియన్ల వరకు, చల్లదనమూ తేమా తప్పని చోట్ల ఉంటుంది. వాగుల పక్క కుళ్లిన మానుల కింద, నాచు పట్టిన రాళ్ల సందుల్లో, కొన్ని జాతులైతే గుహల్లో. గాలి కాస్త పొడిగా మారితే తట్టుకోలేదు. ఖాజాగూడ గుట్టకూ మౌలాలీ గుట్టకూ నడుమ నగరం పరుచుకున్నట్లు, అక్కడ ఒక కొండకూ మరో కొండకూ నడుమ వెచ్చని లోయ పరుచుకుని ఉంటుంది. ఈ జీవి దానిని దాటలేదు. కాబట్టి ఏ కొండమీది గుంపు అక్కడే తరాల తరబడి ఉండిపోయి, మెల్లగా వేరే జాతిగా మారింది. అయితే అన్నీ నల్లగానే ఉంటాయి, అన్నింటికీ అడకత్తెర ఉంటుంది. మరి విడదీయడం ఎలా?

ఇస్కిరోప్సాలిస్‌లో మొదటి జాతిని 1794లో జర్మన్ శాస్త్రవేత్త పాంజర్ వర్ణించారు. 1839లో కోహ్ దీన్ని ప్రత్యేక ప్రజాతిగా నిలబెట్టారు. ఇరవయ్యో శతాబ్దంలో జర్మనీకి చెందిన రోవర్ ఒక్కరే ఓపీలియోనుల్లో వందలకొద్దీ జాతులకు పేర్లు పెట్టారు. ఆయన ఎక్కువగా నమ్మింది లెక్కలను: పాదంలో కణుపులెన్ని, వీపు మీద ముళ్లెన్ని. ఆ శ్రమ ముందు నేను తల వంచుతాను. కాని ఒకే తల్లి పిల్లల్లో కూడా ముళ్ల లెక్క మారవచ్చు. అలా విడిపోయిన పేర్లు తరువాతి కాలంలో చాలావరకు ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి.

1969లో జర్మన్ జంతుశాస్త్రవేత్త యోఖెన్ మార్టెన్స్ వేరే దారి పట్టారు. సీసాలోని కళేబరాలతో ఆగక, ప్రాణమున్న వాటిని ఎదురెదురుగా ఉంచి గమనించారు. మగదాని పట్టుకారు మొదటి కణుపు మీద ఒక ఉబ్బు, దానిపై వెంట్రుకల కుచ్చు, అక్కడే స్రావం ఊరే గ్రంథి ఉంటాయి. జతకట్టే ముందు మగది ఆ చోటును ఆడదాని నోటికి అందిస్తుంది, ఆడది ఆ స్రావాన్ని రుచి చూస్తుంది. ఆ ఉబ్బు ఎక్కడ ఉంది, ఎంత ఎత్తు, కుచ్చు ఎటు వాలింది అన్నది ప్రతి జాతికీ వేరు. జాతుల హద్దు కోసం మనం భూతద్దంతో వెతికే గుర్తు, ఆ ఆడ జీవి చీకట్లో నోటితో పోల్చుకునే గుర్తు ఒకటే! ఇది మొదటిసారి చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

గుహల్లో ఉండే జాతుల విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. చీకటిలో బతికే వాటికి కాళ్లు సాగుతాయి, రంగు వెలుస్తుంది. ఈ పోలిక చూసి రెండు గుహ జాతులను అన్నదమ్ములని రాస్తే పొరపాటే కావచ్చు, ఒకే రకం జీవనం వేర్వేరు వంశాలను ఒకే అచ్చులో పోయగలదు. 2015లో షోన్‌హోఫర్, ఆయన సహచరులు ఈ ప్రజాతి జన్యువులను పోల్చి వంశవృక్షం ప్రచురించారు. ఆ రచయితల్లో మార్టెన్స్ కూడా ఉన్నారు.

నా పాత విద్యార్థిని ఒకామె ఆస్ట్రియాలో ఉద్యోగం చేస్తోంది. కిందటేడు ఆల్ప్స్‌లో వాగు పక్క మాను కింద కనిపించిందంటూ ఫోనులో ఒక ఫొటో పంపింది. "మాస్టారూ, ఇది సాలీడు కాదు కదా?" అని అడిగింది. ఆ నల్లని అడకత్తెర చూడగానే ప్రజాతి పేరు చెప్పేశాను. జాతి పేరు అడిగితే మాత్రం, పట్టుకారు మొదటి కణుపు పక్కనుంచి కనబడేలా తీయమన్నాను. మరుసటి ఆదివారం ఆ పిల్ల మళ్లీ అదే కొండ ఎక్కింది. ఈసారి ఫొటో చాలా స్పష్టంగా వచ్చింది. కణుపు నునుపుగా ఉంది, ఉబ్బు లేదు, కుచ్చు లేదు.

ఆ రోజు నా పుస్తకంలో చోటు, ఎత్తు, తేదీ రాసి, వాటి కింద ఇలా రాసుకున్నాను: ఇస్కిరోప్సాలిస్, ఆడది.

నమస్కారం.