ఎండ చెప్పినట్టు నడుద్దాం: టూసాన్ ఎడారి తోటకి ఇంటిల్లిపాదీ వెళ్ళేముందు

అందరికీ నమస్కారం.

అమెరికాలోని అరిజోనాలో ఫీనిక్స్, ఛాండ్లర్ వైపు ఉన్న మన ఇళ్ళకి అమ్మానాన్నలు ఇండియా నుంచి వచ్చేది ఎక్కువగా వేసవిలోనే. పిల్లల సెలవులూ అప్పుడే. అందుకే టూసాన్ పక్కనున్న అరిజోనా-సొనోరా డెజర్ట్ మ్యూజియం గుర్తొచ్చేదీ అప్పుడే. ఏడాది మొత్తంలో అక్కడికి వెళ్ళడానికి కష్టమైన కాలం కూడా అదే. అయినా వెళ్ళొచ్చు, హాయిగా తిరిగి రావచ్చు. కాకపోతే ఆ రోజు ఏది ముందు చూడాలో, ఏది తర్వాత చూడాలో చెప్పేది ఎండే.

పేరులో మ్యూజియం అని ఉన్నా అది జంతు ప్రదర్శనశాల, మొక్కల తోట కలిసిన చోటు. 1952లో తెరిచారు. స్థలం 98 ఎకరాలు, నడకదారులు సుమారు రెండు మైళ్ళు, చాలా భాగం ఆరుబయలు. ఏనుగులు, జిరాఫీలు ఉండవు. దక్షిణ అరిజోనా నుంచి మెక్సికో దాకా పరుచుకున్న ఒక్క సొనోరా ఎడారి ప్రాంతపు జీవాలే అక్కడ ఉంటాయి. ఈ సంగతి పిల్లలకి ఇంటి దగ్గరే చెప్పి తీసుకెళ్ళండి. లేకపోతే సింహం ఎక్కడ అని అడుగుతూనే పొద్దు గడిపేస్తారు.

ఫీనిక్స్ నుంచి టూసాన్‌కి ఐ-10 హైవే మీద దాదాపు 110 మైళ్ళు, రెండు గంటలు. ఊళ్ళోకి పోకుండా 242వ ఎగ్జిట్ దగ్గర ఆవ్రా వ్యాలీ రోడ్డు పట్టుకుని, శాండారియో రోడ్డు మీదుగా మ్యూజియం ఉన్న కిన్నీ రోడ్డు చేరడం తేలిక. టూసాన్‌లో రాత్రి బస చేసినవాళ్ళకి మ్యాపు గేట్స్ పాస్ దారి చూపిస్తుంది. కొండ మలుపుల దారి, చూడ్డానికి చాలా బాగుంటుంది. కానీ పెద్ద వ్యాన్లకి, ట్రైలర్లకి అది పనికిరాదు, ఆహో వే మీదుగా రండి. తెరిచే వేళలు కాలాన్ని బట్టి మారతాయి కనుక ముందురోజు వెబ్‌సైటులో చూసుకుని, గేటు తెరవడానికి రెండున్నర గంటల ముందు ఇల్లు కదలండి. కాలిఫోర్నియా నుంచి వచ్చే చుట్టాలకి ఇంకో మాట. అరిజోనాలో గడియారాలు మార్చరు. చలికాలంలో వాళ్ళకంటే మనం గంట ముందుంటాం.

లోపలికి అడుగుపెట్టగానే చాలామంది ఒక పొరపాటు చేస్తారు. గేటు దగ్గర్లోనే పాములు, బల్లుల హాలు కనిపిస్తుంది, పిల్లలు అందులోకి దూరతారు. ఏసీ ఉన్న గదిలో చల్లటి పొద్దున గంట కరిగిపోతుంది. బయటికి వచ్చేసరికి ఎండ నెత్తికెక్కుతుంది. దీన్ని తలకిందులు చేయండి. ముందుగా డెజర్ట్ లూప్ దారికి వెళ్ళండి. అది సుమారు అర మైలు, మట్టిదారి, ఎత్తుపల్లాలు, నీడ దాదాపు లేదు. కయోటీలు అనే చిన్న తోడేళ్ళలాంటి జంతువులు, హవెలీనాలు అక్కడే ఉంటాయి. హవెలీనా చూడ్డానికి అడవిపందిలా ఉన్నా పందుల కుటుంబానిది కాదు. నాగజెముడు మట్టల్ని ముళ్ళతో సహా నమిలేస్తుంది. పొద్దెక్కితే నీడ చూసుకుని పడుకుంటుంది, ఇక మీకు కనిపించేది వీపే. అక్కడి నుంచి పిల్లి జాతుల లోయకి, నీరుపిల్లులు (ఆటర్లు), బీవర్లు ఉన్న వాగు వైపుకి, తర్వాత హమ్మింగ్‌బర్డ్‌ల గదికి రండి. ఆ గదిలో తిరగకుండా ఒకచోట నిలబడితే పిట్టలే దగ్గరికి వస్తాయి. పదిన్నర దాటాక కృత్రిమ గుహ, అక్వేరియం, ఆఖర్న పాముల హాలు. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళని మట్టిదారి ఎక్కించకండి. చక్రాల కుర్చీ కావాలంటే లోపలికి వెళ్ళేటప్పుడే అడగండి.

చలికాలంలో వెళ్తే ఈ వరస అంత పట్టింపు లేదు. అక్టోబరు చివర నుంచి ఏప్రిల్ నడిమి దాకా డేగలు, గుడ్లగూబల వంటి వేటపక్షుల్ని స్వేచ్ఛగా ఎగరేసి చూపిస్తారు. హారిస్ డేగలు గుంపుగా వేటాడే రకం, తలల మీద నుంచి జానెడు ఎత్తులో దూసుకుపోతాయి. పిల్లల్ని భుజాల మీదికి ఎత్తకండి, ఫోను పైకి చాచకండి, చిరుతిళ్ళు సంచీలో పెట్టేయండి.

"బెజవాడ ఎండలు చూసినవాళ్ళం, ఇదేం లెక్క" అని నాన్నగారు అంటారు. ఇక్కడే జాగ్రత్తపడాలి. బెజవాడలో చొక్కా తడిసి మనకి గుర్తు చేస్తుంది. ఇక్కడి పొడిగాలికి చెమట పట్టీపట్టకముందే ఆరిపోతుంది, ఒంట్లో నీరు పోతున్న సంగతే తెలియదు. వేసవిలో నడిచే ప్రతి గంటకీ పెద్దవాళ్ళకి లీటరు నీళ్ళు లెక్కేసుకోండి. ఉత్త నీళ్ళే కాకుండా ఉప్పు వేసిన మజ్జిగో, ఓఆర్‌ఎస్సో మధ్యమధ్య ఇవ్వండి. బీపీకి మూత్రం ఎక్కువయ్యే మాత్రలు వాడేవాళ్ళు డాక్టర్ని ముందే అడగాలి. ఇన్సులిన్ కారులో వదిలేస్తే ఆ వేడికి పాడవుతుంది, ఐసు సంచీలో వెంట ఉంచుకోండి. అల్లరి చేసే పిల్లవాడు ఉన్నట్టుండి మౌనంగా ఉంటే, పెద్దవాళ్ళు తలనొప్పి, చిరాకు అంటే, ఆ పూటకి నడక ఆపేసి చల్లటి గదిలోకి వెళ్ళాల్సిందే.

మొక్కల దగ్గర తొందరపడకండి. తాతయ్య, నాయనమ్మలకి బాగా నచ్చేది ఈ భాగమే. మెస్కీట్ చెట్టు మన సర్కారు తుమ్మకి దగ్గర చుట్టం, ఆకు చూడగానే గుర్తుపడతారు. చేల గట్ల మీది నాగజెముడుకి పుట్టిల్లు ఈ ఖండాలే. సవారో అన్న నిలువు స్తంభాల కాక్టస్ మొదటి ఎనిమిదేళ్ళలో పెరిగేది అంగుళం, అంగుళంన్నర. అంత చిన్నప్పుడు పాలోవెర్దే వంటి చెట్టు నీడలో ఎదుగుతుంది. చేతుల్లాంటి కొమ్మలు రావడానికి యాభై ఏళ్ళ పైనే పడుతుంది. కాండం మీది మడతలు వాన నీరు తాగినప్పుడు విచ్చుకుంటాయి, కరువులో ముడుచుకుంటాయి. మే, జూన్‌లలో తెల్లటి పూలు రాత్రి విప్పుకుని మర్నాటి మధ్యాహ్నానికి ముడుచుకుంటాయి. వేసవిలో పెందలాడే వెళ్ళినవాళ్ళకి దక్కే భాగ్యం అది.

టెడ్డీబేర్ చోయా అన్న కాక్టస్ పక్కన మాత్రం పిల్లల చెయ్యి వదలకండి. బొచ్చుబొమ్మలా మెత్తగా కనిపిస్తుంది. తగిలితే ముక్క ఊడి ఒంటికి అంటుకుంటుంది. ముళ్ళ మీద కంటికి కనపడని వెనక్కి తిరిగిన పొలుసులుంటాయి, అందుకే లాగినకొద్దీ పట్టేస్తుంది. చేత్తో తీయబోతే ఆ చేతికీ అంటుకుంటుంది. సంచీలో పళ్ళు ఎడంగా ఉన్న దువ్వెన ఉంచుకోండి. ముక్కకీ చర్మానికీ మధ్య దువ్వెన దూర్చి, మనుషులు లేని వైపుకి ఒక్క విసురున ఎగరేయాలి. మిగిలిన ముళ్ళు పట్టకారుతో తీయాలి. నాగజెముడు నూగుముళ్ళు గుచ్చుకుంటే పట్టకారుతో వీలైనన్ని తీసి, ఆపైన తెల్ల జిగురు రాసి గాజుగుడ్డ అంటించి, ఆరాక ఒలిచేస్తే చాలావరకు వచ్చేస్తాయి. చెప్పులు వద్దు, ముందు మూసి ఉన్న బూట్లే వేయండి.

తిరుగు ప్రయాణం మధ్యాహ్నం ఒంటిగంటకల్లా మొదలుపెట్టండి. జూలై, ఆగస్టుల్లో ఉరుములతో వానలు ఎక్కువగా మధ్యాహ్నం ముదిరాకే వస్తాయి. వాటి ముందు ఐ-10 మీద దుమ్ముగోడ లేస్తుంది. దుమ్ము కమ్ముకుంటే రోడ్డు దిగి వీలైనంత దూరంగా బండి ఆపండి. లైట్లన్నీ ఆర్పేయండి, హజార్డ్ లైట్లు కూడా. హ్యాండ్‌బ్రేకు వేసి, బ్రేకు పెడల్ మీంచి కాలు తీసేయండి. సీటుబెల్టు మాత్రం తీయకండి. ఎర్రలైటు వెలుగుతుంటే వెనక బండివాడు దారి అటే ఉందనుకుని నేరుగా మీ మీదికే వస్తాడు. దుమ్ము అణిగి ముందు రోడ్డు స్పష్టంగా కనిపించేదాకా అక్కడే ఆగండి.