టెన్నిస్ అంటే అసహ్యం అన్న ఛాంపియన్

నమస్తే అండీ. ఈసారి చదివింది అమెరికన్ టెన్నిస్ ఆటగాడు ఆండ్రీ అగస్సీ ఆత్మకథ ‘ఓపెన్’. 2009లో వచ్చింది. ఎనిమిది గ్రాండ్‌స్లామ్ టైటిళ్లు గెలిచిన మనిషి మొదటి పేజీల్లోనే తనకు టెన్నిస్ అంటే అసహ్యం అంటాడు.

నాకు చిర్రెత్తుకొచ్చింది. దసరాకి కుట్టుమిషన్‌కి కూడా బొట్టు పెట్టే ఇంట్లో పెరిగినదాన్ని నేను. అన్నం పెట్టిన రాకెట్‌ని తిడతావా అనుకుని పుస్తకం మూసేశాను. రెండు రోజుల తర్వాత పెన్సిల్ పట్టుకుని మళ్లీ తెరిచాను, గొడవ పడదామనే.

లాస్ వేగాస్‌లో ఇల్లు. నాన్న మైక్ ఇరాన్ నుంచి వచ్చినవాడు, 1948, 1952 ఒలింపిక్స్‌లో బాక్సర్. పెరట్లో కోర్టు కట్టి, బంతులు విసిరే మిషన్ పెట్టాడు. పిల్లాడు దానికి పెట్టుకున్న పేరు ‘డ్రాగన్’. ఏడేళ్ల వయసులో రోజుకి 2,500 బంతులు కొట్టాలి. ఏడాదికి పది లక్షల బంతులు కొట్టినవాణ్ని ఎవరూ ఓడించలేరని నాన్న లెక్క. నేను క్యాలిక్యులేటర్ తీశాను: 9,12,500. ఒక్కరోజు సెలవు లేకపోయినా పది లక్షలు కావు. ఆయనతో ఆ మాట అనే ధైర్యం ఎవరికి?

ఇక్కడ నా కోపం సగం దిగింది. మా అమ్మ కుట్టుమిషన్ ఎప్పుడూ ఆమె మీదకి బంతులు విసరలేదు కదా.

1990 ఫ్రెంచ్ ఓపెన్ ఫైనల్ కథ చదివి మాత్రం పడీపడీ నవ్వాను. అగస్సీ పెట్టుకునే విగ్గు ముందురోజు రాత్రే పాడైంది. పిన్నులు గుచ్చుకుని కోర్టులోకి వెళ్లి, గెలిపించమని కాదు, విగ్గు ఊడకుండా చూడమని దేవుణ్ని వేడుకున్నాడట! ఓడిపోయాడు.

క్షమించలేనిది ఒకటుంది. 1997లో డ్రగ్ టెస్టులో దొరికి, పొరపాటున వేరేవాళ్ల డ్రింక్ తాగానని, మగవాళ్ల టెన్నిస్ నడిపే సంస్థ ఏటీపీకి అబద్ధపు ఉత్తరం రాశాడు. వాళ్లు వదిలేశారు. ఆ నిజం బయటపెట్టింది రిటైరయ్యాకే. ఆలస్యంగా ఒప్పుకోవడం మంచిదే, కానీ అది పోగొట్టుకోడానికి ఏమీ మిగలనప్పుడు చూపించిన ధైర్యం.

అదే ఏడాది ర్యాంకు 141కి పడిపోయింది. అప్పుడు మానేయొచ్చు. మానలేదు. సొంత ఊళ్లోనే చిన్న ఛాలెంజర్ టోర్నీ ఆడాడు. 1999లో ఫ్రెంచ్ ఓపెన్ గెలిచి, మళ్లీ నంబర్ వన్ అయ్యాడు. ఈసారి నిర్ణయం తనది, నాన్నది కాదు, అదే తేడా అంటాడు. సరే, ఒప్పుకున్నాను.

మరి 2006 సంగతేంటి? 36 ఏళ్లు, వెన్నులో ఇంజెక్షన్లు, యూఎస్ ఓపెన్. సైప్రస్ కుర్రాడు బాగ్దాతిస్‌తో ఐదు సెట్లు ఆడి గెలిచాడు. తర్వాత ఇద్దరూ కదల్లేక పక్కపక్క బల్లల మీద పడుకుని, టీవీలో తమ మ్యాచే చూస్తున్నారు. ఓడిన కుర్రాడు చెయ్యి చాచాడు. ఈయన పట్టుకున్నాడు.

నేను పెన్సిల్ తీసుకుని మొదటి పేజీల దగ్గరికి వెళ్లి, ‘అసహ్యం’ అన్న మాట పక్కన ప్రశ్నార్థకం పెట్టాను.