ఆ నెగెటివ్ రిపోర్టు ఎన్నో రోజుది?

అందరికీ నమస్కారం. వేదిక మీద పెద్దలకి, కమిటీ వారికి, కుర్చీలు దొరక్క వెనక నిలబడ్డవాళ్లకి కూడా. నన్ను పిలిచింది సీజనల్ జ్వరాల గురించి చెప్పమని. దోమలు, డెంగీ, నీళ్ల డ్రమ్ములు అన్నీ డాక్టరుగారు ఇందాకే చెప్పేశారు, నేను మళ్లీ మొదలుపెడితే మీరు భోజనాలకి లేచిపోతారు. అందుకని 2020 నుంచి కడుపులో పెట్టుకున్న మాటొకటి చెప్తాను.

అప్పట్లో నేను ల్యాబ్ టెక్నీషియన్ని. ముక్కులోంచి స్వాబ్ తీయడం, పుల్లని గాటు దగ్గర పుటుక్కున విరిచి ట్యూబులో వేసి మూత బిగించడం, పేరు రాసి ఐస్ బాక్సులో పెట్టడం. వచ్చినవాళ్లంతా అడిగేది ఒకటే, "నెగెటివే వస్తుందా అండీ?" అని. వైరస్ ఉన్నవాళ్లని కలిసి ఎన్నాళ్లయిందో నేను అడిగితే మాత్రం విసుక్కునేవాళ్లు.

ఇప్పుడు మా అపార్ట్‌మెంట్ సంగతి. మా తమ్ముడికి కోవిడ్ వచ్చి తగ్గింది. పది రోజులు దాటాయి, జ్వరం ఎప్పుడో పోయింది, ఆ పైన ఇంట్లో ఉండాల్సిన వారం కూడా ఉన్నాడు. అయినా కమిటీ వాళ్లు నెగెటివ్ రిపోర్టు చూపిస్తేగానీ లిఫ్ట్ ఎక్కనివ్వమన్నారు. చేయించాడు, పాజిటివ్. మళ్లీ చేయించాడు, మళ్లీ పాజిటివ్. మా ఇంటికి పాలు కూడా ఆపించారండీ! అదే వారంలో పైఅంతస్తు కుర్రాడు ఊరినుంచి దిగాడు, కార్లో పక్కన కూర్చున్నాయనకి పాజిటివ్ అని ఫోనొచ్చింది. మర్నాడే టెస్టు, నెగెటివ్, ఇంకేం, సాయంత్రం అందరితో కలిసి టెర్రస్ మీద కేకు కోశాడు. నాలుగు రోజులకి ఒళ్లు కాలిపోయే జ్వరం.

చూశారా, తిరగనివ్వాల్సినవాణ్ని ఆపాం, ఆగాల్సినవాణ్ని వదిలాం.

ఆ స్వాబ్‌తో చేసే ఆర్టీపీసీఆర్ టెస్టు వెతికేది వైరస్ జన్యుపదార్థం ముక్కల్ని. అది బతికున్న వైరస్‌దో చచ్చినదో ఆ మెషీన్‌కి తెలీదు. తగ్గిపోయాక కూడా వారాల తరబడి ముక్కలు దొరకొచ్చు. అందుకే 2020 మే 8న కేంద్ర ఆరోగ్యశాఖ డిశ్చార్జి నిబంధనలు మార్చింది. లక్షణాలు స్వల్పంగా ఉన్నవాళ్లయితే మొదలైన పది రోజుల తర్వాత, వరుసగా మూడు రోజులు జ్వరం లేకపోతే ఇంటికి పంపొచ్చు, టెస్టు అక్కర్లేదు, ఆపైన ఏడు రోజులు ఇంట్లో విడిగా ఉంటే చాలు అని. ఈ కాయితం ప్రింటు తీసి మా నోటీసుబోర్డుకి నేనే అంటించాను. తెల్లారేసరికి ఎవరో పీకేశారు. ఎవరో నాకు తెలుసు, చెప్పను, ఇక్కడే ఉన్నారు.

ఇక మర్నాడు చేసిన టెస్టంటారా, విత్తనం వేసిన మర్నాడే చేలోకెళ్లి మొలకలేదీ అన్నట్టే. అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ యూనివర్సిటీ వాళ్లు అదే ఏడాది లెక్కగట్టారు: వైరస్ సోకిన మొదటిరోజు టెస్టు చేస్తే దొరకనే దొరకదు, నాలుగో రోజుకి కూడా నూటికి 67 మందిలో తప్పిపోతుంది, ఎనిమిదో రోజుకి 20 మందిలో. అక్కడి ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ ఆ డిసెంబరులో క్వారంటైన్ తగ్గించినప్పుడు కూడా, అయిదో రోజు గానీ ఆ తర్వాత గానీ శాంపిల్ ఇచ్చి నెగెటివ్ వస్తేనే ఏడు రోజులు నిండాక బయటికి రమ్మంది, పద్నాలుగో రోజుదాకా లక్షణాలు చూసుకుంటూ ఉండమంది.

అమ్మా, ముందువరసలో నవ్వుతున్నారు, మీ ఇంట్లోనూ ఇదే జరిగిందా? అదీ!

సెక్రటరీగారూ, మళ్లీ ఏ వైరసొస్తుందో, దానికెన్ని రోజులో అప్పటి డాక్టర్లు చెప్తారు. మీరు రిజిస్టర్లో రెండు గళ్లు కొట్టించండి, కలిసిన తేదీ ఒకటి, శాంపిల్ ఇచ్చిన తేదీ ఒకటి. పాలు మాత్రం ఆపకండి.