చెంపలో దిగిన తూటా

శ్రోతలకు నమస్కారం.

జపాన్‌లో షిమొనొసెకి అని ఒక రేవు పట్టణం. అక్కడ షున్‌పాన్‌రో అనే పేరున్న భోజనశాల. ఫుగు చేపకు ప్రసిద్ధి. శుభ్రం చేయడంలో తేడా వస్తే తిన్నవాడి ప్రాణం తీసే చేప అది! 1895 మార్చిలో, యుద్ధంలో ఓడిన చైనాను జపాన్ ప్రధాని ఇటో హిరోబుమి సంధి మాటలకు పిలిచింది ఇక్కడికే.

యుద్ధం దేనికంటే, కొరియా మీద పెత్తనం కోసం. 1894లో మొదలైంది, చైనా చిత్తుగా ఓడింది. అంతవరకు చాలు. నేను చెప్పాలనుకున్నది ఆ తర్వాతి కథ.

చైనా తరఫున వచ్చినాయన లీ హోంగ్‌జాంగ్. 72 ఏళ్ల పెద్దమనిషి. ముందు కాల్పులు ఆపండి, తర్వాత మాట్లాడుకుందాం అన్నాడు. ఇటో ఊరికే ఒప్పుకుంటాడా? ఆపాలంటే తియాన్‌జిన్‌ను మా చేతికివ్వండి అన్నాడు. అంటే బీజింగ్ వాకిలి తాళంచెవి అడిగినట్టే. లీ ఏం చేస్తాడు, కాల్పుల మాట పక్కన పెట్టేశాడు.

మార్చి 24 సాయంత్రం. లీ పల్లకీలో బసకు తిరిగి వెళుతున్నాడు. గుంపులోంచి కొయామా అనే యువకుడు ముందుకొచ్చి పిస్తోలు పేల్చాడు. తూటా ఎడమ కంటి కింద దిగింది. కొయామా కోరుకున్నదేమిటి? యుద్ధం ఆగకూడదని!

జపాన్ ప్రభుత్వానికి తల కొట్టేసినట్టయింది. ఇంటికి పిలిచిన రాయబారిని నడివీధిలో కాల్చారంటే లోకం ఏమనుకుంటుంది? చక్రవర్తి తన వైద్యులను పంపాడు. పెద్దాయన మాత్రం తూటా తీయించుకోలేదు, ఆపరేషన్ అంటే చర్చలు ఆలస్యమవుతాయని. మార్చి 30న, ఏ షరతూ లేకుండా, తైవాన్ వైపు తప్ప కాల్పులు ఆగాయి. వాదించి సాధించలేనిది చెంపలో తూటా సాధించింది. యుద్ధం ఆగకూడదని పేల్చిన తూటా, యుద్ధాన్ని ఆపింది.

అలాగని జపాన్ మెత్తబడిందనుకోకండి. ఏప్రిల్ 10న లీ కట్టుతోనే బల్ల దగ్గరికొస్తే, ఔననండి లేదా కాదనండి అన్నాడు ఇటో. యుద్ధ పరిహారంగా మొదట అడిగిన 30 కోట్ల టేళ్ల వెండి (టేలు అంటే చైనా వాళ్ల వెండి తూకం) 20 కోట్లకు దిగింది. అదైనా 7,400 టన్నులకు పైమాటే. ఏప్రిల్ 17న సంతకాలయ్యాయి. కొరియా స్వతంత్రమని చైనా ఒప్పుకుంది. తైవాన్, దాని పక్కనున్న పెంఘు దీవులు, చైనా ఈశాన్యాన ఉన్న ల్యావోదోంగ్ ద్వీపకల్పం జపాన్‌కు పోయాయి. తైవాన్ జనాన్ని మీ అభిప్రాయమేమిటని అడిగినవాళ్లు లేరు. నాకైతే ఆ సంధిలో అన్నిటికంటే బాధగా అనిపించేది అదే.

సంతకాల తడి ఆరకముందే, ఆరో రోజున, రష్యా, జర్మనీ, ఫ్రాన్స్ కలిసి జపాన్ తలుపు తట్టాయి. ల్యావోదోంగ్ వెనక్కి ఇచ్చేస్తే మంచిదని 'స్నేహపూర్వక సలహా' ఇచ్చాయి. మూడు నౌకాదళాలతో ఒక్కసారే తలపడే శక్తి జపాన్‌కు లేదు. అదనంగా 3 కోట్ల టేళ్లు పుచ్చుకుని ఇచ్చేసింది. మరి సలహా ఇచ్చిన రష్యా? 1898లో అదే ల్యావోదోంగ్ కొసన ఉన్న పోర్ట్ ఆర్థర్ రేవును లీజు పేరుతో తనే తీసుకుంది. జపాన్ దాన్ని మరిచిపోలేదు. 1904లో మళ్లీ యుద్ధం, ఈసారి రష్యాతో. అది ఇంకో ప్రసంగానికి సరిపడా కథ, నా టైమ్ అయిపోయింది. ఉంటాను, నమస్కారం.