బొంబాయి మిల్లులకు ఆదివారం సెలవు ఎలా వచ్చింది

నిర్వాహకురాలు: శ్రోతలకు నమస్కారం. ఈ భాగంలో పంతొమ్మిదో శతాబ్దపు బొంబాయి మిల్లు కార్మికుల రోజువారీ బతుకు గురించి మాట్లాడుకుందాం. మాస్టారూ, 1856లో తార్‌దేవ్‌లో తొలి నూలు మిల్లు నడవడం మొదలైంది. అక్కడ పనిచేసేవారి రోజు ఎలా గడిచేది?

అతిథి: అప్పటికి మిల్లుల్లో విద్యుద్దీపాలు లేవు కాబట్టి పొద్దు పొడిచింది మొదలు పొద్దు కుంకేదాకా యంత్రాలు తిరిగేవమ్మా. ఎండాకాలంలో పగలు సాగేకొద్దీ పని కూడా సాగి, పదమూడు గంటలు దాటిపోయేది. పొలంలోనూ పొద్దంతా పనే కదా అని కొందరు అంటారు. కానీ పొలంలో అలసినవాడు కాసేపు గట్టున కూర్చోగలడు, మిల్లులో కదురు ఆగితే తప్ప మనిషి ఆగే వీలు లేదు.

నిర్వాహకురాలు: ఇంటికి వెళ్లాకైనా విశ్రాంతి ఉండేదా?

అతిథి: ఇల్లంటే చాల్‌లో, అంటే వరుస గదుల భవనంలో, ఒక్క గది. ఆ వరుసలో అందరికీ కలిపి ఒకే కుళాయి, ఒకే మరుగుదొడ్డి. రత్నగిరి వైపు నుంచి వచ్చిన మగవాళ్లు భార్యాబిడ్డలను ఊళ్లోనే వదిలి, నలుగురైదుగురు ఒక గదిలో సర్దుకునేవారు. పనిలో పెట్టుకోవడం, తీసేయడం జాబర్ అనే మేస్త్రీ చేతిలో ఉండేది, అతనికి మామూలు ముట్టజెప్పాలి. జీతమేమో నెల గడిచిన చాలా రోజులకు గానీ చేతికొచ్చేది కాదు, ఆలోగా బియ్యం, పప్పు శెట్టి దగ్గర అరువు. నా దృష్టిలో కార్మికుణ్ణి ఎక్కువగా కుంగదీసింది ఈ అరువే.

నిర్వాహకురాలు: మరి వారానికో సెలవు?

అతిథి: పండగలకు తప్ప ఖాయమైన సెలవు లేదు. ఆదివారం మిల్లు ఆపినా, యంత్రాలు తుడవడానికి పొద్దున్నే రమ్మనేవారు. 1881 ఫ్యాక్టరీ చట్టం ఏడేళ్లలోపు పిల్లలను పనిలో పెట్టుకోవద్దని, పన్నెండేళ్లలోపు వారితో రోజుకు తొమ్మిది గంటలకు మించి చేయించవద్దని చెప్పిందే తప్ప, పెద్దవాళ్ల ఊసెత్తలేదు. ఆ లోటును పట్టుకున్నవాడు నారాయణ్ మేఘాజీ లోఖండే. ఆయన మిల్లులో స్టోర్‌కీపరుగా పనిచేశాడు, కుల వివక్షను ఎదిరించడానికి జోతీరావు ఫూలే పెట్టిన సత్యశోధక్ సమాజంలో మనిషి, దీనబంధు పత్రిక సంపాదకుడు. బొంబాయిలో ఆ సమాజానికి అండగా నిలిచినవారిలో రామయ్య వ్యంకయ్య అయ్యవారు వంటి తెలుగు కాంట్రాక్టర్లు ఉన్నారన్నది మనవాళ్లకు అంతగా తెలియకపోవడం నాకు బాధగా ఉంటుంది. బొంబాయిలోని కామాఠీపుర అనే పేటకు ఆ పేరు తెచ్చింది కూడా తెలంగాణ నుంచి కట్టడాల పనికి వెళ్లిన కామాఠీలే.

నిర్వాహకురాలు: లోఖండే ఏమి అడిగాడు?

అతిథి: 1884లో దాదాపు 5,500 మందితో అర్జీ పెట్టించాడు. ఆదివారం సెలవు, మధ్యాహ్నం అరగంట విరామం, ఉదయం ఆరున్నరకు ముందు పని మొదలుపెట్టకపోవడం, మరుసటి నెల పదిహేనో తేదీలోగా జీతం, గాయపడితే నష్టపరిహారం: ఇంతే. 1890 ఏప్రిల్‌లో సుమారు పదివేల మంది ఒకచోట చేరారు, ఇద్దరు స్త్రీ కార్మికులు వేదికెక్కి మాట్లాడారు. ఆ ఏడు జూన్ 10న మిల్లు యజమానుల సంఘం ఆదివారం సెలవుకు ఒప్పుకుంది. అది యజమానుల దయ అని రాసేవాళ్లతో నేను ఏకీభవించను, ఆరేళ్లు విడవకుండా అడిగితేనే వచ్చింది.

నిర్వాహకురాలు: మిగతా కోరికలు తీరాయా?

అతిథి: 1891 చట్టంతో వారపు సెలవు, అరగంట విరామం నిలబడ్డాయి. నష్టపరిహార చట్టం 1923లో వచ్చింది. జీతం ఫలానా గడువులోగా ఇచ్చితీరాలనే చట్టం 1936 దాకా రాలేదు. లోఖండే అప్పటికి లేడు. 1897లో ప్లేగు రోగులకు సేవ చేస్తూ ఆ ప్లేగుతోనే పోయాడు.